చుక్కల ఈగ

ఆకుపచ్చ వెలుగు.

షేడ్‌నెట్‌ గుండా వడగట్టుకుని, మిరప నారు మీద వాలి, తడిసిన కొబ్బరి పొట్టు మీద ఆగిన వెలుగు. ఆ వెలుగులో… ట్రే అంచు మీద… ఒక ఈగ.

ఇంట్లో గిన్నె మూత మీద వాలే ఈగలాంటిదే. కాకపోతే అందులో సగం ఉంటుంది. బూడిద రంగు ఒళ్లు. నడుము కింద నల్ల చుక్కలు… జంటగా, జంటగా, జంటగా. కాటుకలో ముంచిన అగ్గిపుల్లతో ఎవరో ఓపిగ్గా పెట్టినట్టు.

గింజ పట్టుకున్న జానీబీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ ఈగ కదలడం లేదు. కాళ్లు రుద్దుకోవడం లేదు. మామూలు ఈగలా ఇక్కడ వాలి అక్కడ లేచి చిరాకు పెట్టడం లేదు. ముందుకాళ్ల మీద ఒళ్లు కాస్త ఎత్తి, తల ఎత్తి, అలా కూర్చుంది. ఎవరో వస్తారని తెలిసి కూర్చున్నట్టు.

నారు మీంచి ఒక తెల్లటి నలుసు లేచింది.

ఈగ లేదు.

రెప్ప పడి లేచేలోగా… ఉంది. అదే అంచున. అదే చోట. అదే దిక్కుకి తిరిగి. కాళ్ల మధ్య ఇప్పుడు ఆ తెల్లటి నలుసు… రెక్కలు అల్లాడిస్తూ.

జానీబీ కళ్లద్దాలు తీసింది. పైట చెంగుతో తుడిచింది. మళ్లీ పెట్టుకుంది.

తింటోంది. ఈగ తెల్లదోమని తింటోంది.

గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఆ చప్పుడుకి ఈగ ఎక్కడ లేచిపోతుందోనని ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

జానీబీకి యాభై రెండేళ్లు. అద్దంకికి దగ్గర్లో, గుండ్లకమ్మకి అటువైపు ఉన్న పల్లె ఆమెది. ఊరి చివర సురేంద్ర పెట్టిన నారు నర్సరీలో ఆరేళ్లుగా పని చేస్తోంది. రెండు నెట్లు… వల కప్పిన పందిళ్లు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. జూలై వచ్చిందంటే అక్కడ మిరప తప్ప మరో మాట ఉండదు. ట్రేల్లో కొబ్బరి పొట్టు నింపాలి. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేయాలి. ఒక్కటే. రెండు పడితే రెండూ పీలగా వస్తాయి. పడకపోతే గుంట బోడి.

ఒకప్పుడు ఆ పనిలో జానీబీని మించినవాళ్లు లేరు. తర్వాత ఆమె కళ్లకి శుక్లాలు వచ్చాయి.

మొదట మంచు అనుకుంది. మంచు పోయే కాలం వచ్చింది, కళ్లలోది పోలేదు. పొయ్యి పొగ అనుకుంది. గ్యాసు వచ్చింది, పొగ పోలేదు. గింజలు రెండేసి పడ్డాయి, మూడేసి పడ్డాయి, వరసకి వరసే బోడిగా మొలిచింది. సురేంద్ర కోప్పడలేదు. ఆమె చేతిలోంచి గింజల డబ్బా తీసుకుని నీళ్ల పైపు పెట్టాడు. కోప్పడి ఉంటేనే బాగుండేది.

మూడేళ్లు పైపు పట్టింది. నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చప్పుడుని బట్టి తెలుసుకుంది.

పోయిన వేసవిలో ఒంగోలులో ఆపరేషన్. ఒక కన్ను, నెల తర్వాత రెండో కన్ను. కట్టు విప్పిన పొద్దున ఆమె మొదట చూసింది తన అరచేతినే. ఇన్ని గీతలు ఉన్నాయా నాకు… అనుకుంది. తర్వాత గోడ మీద చీమని చూసింది. చీమకి నడుం ఉంది. కిటికీ అవతల వేపాకు చూసింది. ఆకు అంచుకి పళ్లున్నాయి.

ఊరికి వచ్చాక అందరికీ చెప్పింది. చీమకి నడుం ఉందని. వేపాకుకి పళ్లున్నాయని. కోడి కంటికి కిందనుంచి రెప్ప లేస్తుందని. ఉంటాయమ్మా, ఎప్పుడూ ఉన్నాయి… అనేవాళ్లు జనం. మొదటి వారం నవ్వారు. రెండో వారం తలూపారు. మూడో వారానికి ఆమె నోరు తెరవగానే ఏదో ఒక పని గుర్తొచ్చి వెళ్లిపోయేవాళ్లు.

అందుకే ఆ పొద్దున ఆమె వెంటనే ఎవరికీ చెప్పలేదు.

కాసేపు.

ఒక గింజ వేసింది. ఇంకో గింజ వేసింది. మూడో గింజకి ఇక వల్ల కాలేదు.

పక్కన కూర్చుని ట్రేలు నింపుతున్నది కొండమ్మ. జానీబీ కంటే ఆరేళ్లు పెద్ద. పాతికేళ్లుగా ఇద్దరూ ఒకే గట్టున నడిచారు, ఒకే చేలో పత్తి తీశారు, ఒకరి క్యారేజీలోంచి ఒకరు ముద్ద తీసుకున్నారు. ఇద్దరికీ వదినా అన్నదే పిలుపు. జానీబీ ఆమె మోచెయ్యి పట్టి లాగి ట్రే అంచు చూపించింది. ఈగ, వదినా. వేటాడుతోంది.

కొండమ్మ ఇటు తిరిగింది. ఒక్క క్షణం చూసి మళ్లీ పొట్టులో చేతులు పెట్టింది.

"ఆపరేషనయ్యాక నీకు ఉన్నవీ కనపడుతున్నాయి, లేనివీ కనపడుతున్నాయి," అంది.

జానీబీ నాన్న దూది ఏకేవాడు. ఆయన వింటి నారి మోగిస్తే గదంతా తెల్లటి నలుసులు లేచేవి. కిటికీలోంచి పడే ఎండలో తేలుతూ… తేలుతూ… చిన్న జానీ వాటి కింద వెల్లకిలా పడుకుని చూసేది. నెట్‌లో నారుని కదిలిస్తే తెల్లదోమ లేచేది అచ్చం అలాగే.

కాకపోతే దూది నలుసు ఎవరినీ చంపదు.

తెల్లదోమ ఆకు అడుగున కూర్చుంటుంది. రసం పీలుస్తుంది. పీలిస్తే పీల్చింది, పోతూ పోతూ వైరస్ అంటించి పోతుంది. ఆకు దోనెలా ముడుచుకుంటుంది. చెట్టు గిడసబారుతుంది. కాయ కాయదు. చుట్టూ పత్తి చేలు… అక్కడ పుట్టిన దోమ గాలికి లేచి నెట్‌ సందుల్లోంచి లోపలికి వస్తుంది. పోయినేడాది అలాగే వచ్చింది. సురేంద్ర నర్సరీ నారు వేసిన రైతులు ఆశ్వయుజం వచ్చేసరికి ముడుచుకున్న మొక్కల్ని వేళ్లతో సహా పెరికి, ట్రాక్టరులో తెచ్చి, అతని గేటు ముందు కుమ్మరించి పోయారు. ఒక్క మాట అనలేదు. కుమ్మరించి పోయారు. ఆ ఎండిన మొక్కల కుప్పని సురేంద్ర తన చేత్తోనే ఎత్తి పోశాడు, కూలీలని పిలవకుండా.

అప్పటినుంచి తెల్లగా ఏం ఎగిరినా అతని మొహం తెల్లబడుతుంది.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు మందు కొట్టిస్తున్నాడు. అయినా దోమ వస్తూనే ఉంది.

జానీబీ చూడడం మొదలుపెట్టింది.

పొద్దున పనికి అందరికంటే ముందు వచ్చి చూసింది. మధ్యాహ్నం క్యారేజీ ఒళ్లో పెట్టుకుని చూసింది. చేతులు గింజలు వేస్తూనే ఉన్నాయి… కళ్లు మాత్రం ఈగల మీదే.

చుక్కల ఈగలు చిన్న నెట్‌లోనే ఎక్కువ. చిన్న నెట్‌కి మందు తక్కువ పడుతుంది… అక్కడికి పంపు గొట్టం సరిగా అందదు. ఎండ పొడ పడితేనే వేటాడతాయి. మబ్బు కమ్మితే గొంతుక్కూర్చున్న ముసలివాళ్లలా ఉండిపోతాయి. ఆకు అడుగున నిమ్మళంగా కూర్చున్న దోమ జోలికి అవి పోవు. దోమ ఎగరాలి. ఎగిరినప్పుడే పడతాయి దానిమీద. పట్టుకుని, వచ్చి, కూర్చుని, మెడ దగ్గర పొడిచి పీలుస్తాయి. తడి పొట్టు మీద తిరిగే సన్నటి నల్లదోమల్నీ తింటాయి. ఒకరోజు ఒక చుక్కల ఈగ ఇంకో చుక్కల ఈగని పట్టుకుని తినేసింది. జానీబీ ఆ రోజు అన్నం సగంలో వదిలేసింది. మంచి ఈగ అనుకుంది కదా… మంచీ చెడ్డా కాదు. ఆకలి ఈగ.

తర్వాత ఒక పొద్దున, పొట్టు కదిలింది.

ట్రే మూల గుంటలో, మొలక పక్కన. జీలకర్ర గింజంత గోధుమ రంగు గూడు. దాని మూత పైకి లేస్తోంది. లోపలినుంచి ఎవరో నుదుటితో నెడుతున్నారు. నుదురు బుడగలా ఉబ్బుతోంది, తగ్గుతోంది… ఉబ్బుతోంది, తగ్గుతోంది… ఆమెకి తన ఊపిరి కూడా దాంతోపాటే ఉబ్బి తగ్గుతున్నట్టు అనిపించింది. మూత ఊడింది. పాలిపోయిన, తడి తడి ప్రాణి ఒకటి బయటికి వచ్చింది. రెక్కలు నలిగిన కాగితంలా ఉన్నాయి. నడిచింది. ఆగింది. రెక్కలు విచ్చుకున్నాయి. ఒళ్లు బూడిద రంగుకి తిరిగింది. మెల్లగా… మెల్లగా… చుక్కలు తేలాయి.

జంటగా. జంటగా. జంటగా.

అంటే బయటినుంచి రావడం లేదు ఇవి. ఇక్కడే పుడుతున్నాయి. తను చేత్తో నింపిన పొట్టులోనే.

ఆమె చుట్టూ చూసింది. చెప్పడానికి ఎవరూ లేరు. నారుకే చెప్పింది.

దాచేపల్లి వైపు నుంచి పానకాలు అనే రైతు నారు చూసుకోవడానికి వచ్చాడు. పెద్ద నెట్‌ అంతా తిరిగాడు. వేళ్లు చూశాడు, కాండం చూశాడు, ఆకు తిప్పి అడుగు చూశాడు. బాగుందన్నాడు. చిన్న నెట్‌లోకి అడుగుపెట్టాడు. ట్రేల అంచుల మీద వరసగా కూర్చున్న ఈగల్ని చూశాడు.

ఈగలు ముసిరిన నారు నేను ఎత్తనన్నాడు. అంతే. చెప్పులేసుకుని వెళ్లి బండెక్కాడు.

సురేంద్ర చిన్న నెట్‌లో చాలాసేపు నిలబడ్డాడు. రేపు పొద్దున్నే రెండు నెట్లకీ మందు కొట్టేయాలని చెప్పాడు. గట్టి మందు. పంపు గొట్టానికి ఇంకో ముక్క అతికించైనా సరే, చిన్న నెట్‌లో మూల మూలకీ.

జానీబీ లేచి నిలబడింది.

"కొట్టొద్దు బాబూ."

అతను వినపడనట్టు చూశాడు.

ఆమె చెప్పింది. ఆగకుండా చెప్పింది. ఈ ఈగలు తెల్లదోమని తింటాయి, నేను రోజూ చూస్తున్నాను, పొట్టులో పుడుతున్నాయి, నారు ముట్టుకోవు, ఆకు ముట్టుకోవు, ఎగిరే దోమని గాల్లోనే పడతాయి… మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చేతులు ఈగలై ఎగిరాయి. చూసేవాళ్లకి అది వెర్రిలాగే ఉండి ఉంటుంది.

సురేంద్ర కొండమ్మ వైపు తిరిగాడు. నువ్వు చూశావా అని అడిగాడు. నువ్వు ఆమె పక్కనే కదా ఉండేది.

కొండమ్మ చేతులు పొట్టులో ఆగాయి.

"నాకేం కనపళ్లేదు," అంది.

సురేంద్ర తలూపాడు. పాపం అన్నట్టు జానీబీ భుజం దగ్గర చెయ్యి ఊపి, వెళ్లిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి నీళ్ల తొట్టి దగ్గర, పైపు కింద ఇద్దరూ చేతులు కడుక్కుంటున్నారు. జానీబీ మాట్లాడలేదు. పాతికేళ్లలో ఆమె మాట్లాడకుండా ఉన్న సాయంత్రం అదొక్కటే. చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

కొండమ్మే నోరు విప్పింది. తొట్టిలోకి చూస్తూ.

"అబద్ధం చెప్పలేదు వదినా. నిజంగానే కనపళ్లేదు. ఈగ సంగతి పక్కన పెట్టు… ట్రేలో గుంటే కనపట్టంలేదు నాకు. వేలితో తడుముకుని నింపుతున్నా."

నీళ్లు కారుతూనే ఉన్నాయి.

ఎప్పటినుంచి అని అడిగింది జానీబీ. ఏడాది అయిందట. ఎందుకు చెప్పలేదంటే… నీకు పైపు ఇచ్చినప్పుడు నీ మొహం నాకు కనపడింది కదా, అంది కొండమ్మ. అప్పటికింకా నా కళ్లు బాగానే ఉన్నాయి కదా.

జానీబీకి కోపం వచ్చిన దారినే పోయింది. పోతూ పోతూ సిగ్గుని వదిలిపెట్టి పోయింది. పక్కనే కూర్చుని, రోజంతా చీమ నడుం గురించి, ఆకు పళ్ల గురించి, ఈగ చుక్కల గురించి చెప్పింది తను. ఎవరికి చెప్పింది… మసకలో కూర్చున్న మనిషికి. తను మూడేళ్లు కూర్చున్న మసకలోనే.

తడి చేత్తోనే కొండమ్మ చెయ్యి పట్టుకుంది. చాలాసేపు ఇద్దరూ పైపు కట్టేయలేదు.

తర్వాత జానీబీ కొంగు నడుముకి దోపింది. ఇంకా పొద్దు ఉంది. రేపు పొద్దున దాకా టైముంది. ఊళ్లోకి నడిచింది… నడిచిందా, పరిగెత్తిందా, ఆమెకే తెలియదు.

ఊళ్లో హేమశ్రీ ఉంటోంది. వ్యవసాయ కాలేజీలో ఆఖరి సంవత్సరం. పల్లెలో ఉండి సేద్యం నేర్చుకురమ్మని కాలేజీ వాళ్లు పంపితే, ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కలిసి అద్దె గదిలో దిగింది. ఫోనుకి తగిలించే చిన్న భూతద్దం ఉంది ఆ పిల్ల దగ్గర. ఆకు మీద పురుగు కనపడితే చాలు, మట్టిలో మోకాళ్లేసి ఫొటో తీస్తుంది. ఊరంతా ఆ పిల్లకి పురుగుల హేమ అని పేరు పెట్టింది.

జానీబీ చెబుతుంటే హేమశ్రీ మధ్యలో ఒక్కసారి కూడా తల ఊపలేదు. తలూపడం అంటే ఏమిటో జానీబీకి బాగా తెలుసు. ఈ పిల్ల తలూపకుండా వింటోంది. చుక్కలు ఎన్ని అని అడిగింది. పట్టుకున్నది ఎగిరేదాన్నా, కూర్చున్నదాన్నా అని అడిగింది. తిరిగి వచ్చి అదే చోట కూర్చుందా అని అడిగింది.

అదే చోట, అంది జానీబీ. అదే చోట. అదే దిక్కుకి తిరిగి.

హేమశ్రీ చెప్పులు వెతుక్కుంది.

మర్నాడు పొద్దున ఏడింటికి నెట్‌ బయట పంపు సిద్ధంగా ఉంది. డ్రమ్ములో నీళ్లు నింపారు. మందు డబ్బా మూత ఇంకా తీయలేదు. సురేంద్ర ఒక గంట ఆగుతానన్నాడు… జానీబీ మాట మీద కాదు, చదువుకున్న పిల్ల అడిగిందని.

మబ్బు.

ఆకాశం నిండా మబ్బు. ట్రేల అంచుల మీద ఈగలు రాళ్లలా కూర్చున్నాయి. హేమశ్రీ ఫోను పట్టుకుని మోకాళ్ల మీద ఉంది. జానీబీ పక్కన గొంతుక్కూర్చుంది. పది నిమిషాలు. ఇరవై. ఈగ తల తిప్పలేదు. దోమ లేవలేదు. అర్ధగంట. బయట సురేంద్ర దగ్గు వినపడింది. ముప్పావుగంట. హేమశ్రీ ఫోను ఇంకో చేతికి మార్చుకుంది.

లేవండే… లేవండే… అని జానీబీ లోపల్లోపల బతిమాలుకుంటోంది. ఎవరిని బతిమాలుకుంటోందో, దోమనో ఈగనో.

పడమటి గాలి వీచింది. మబ్బు కాస్త చీలింది. పల్చటి ఎండ ఒకటి నెట్‌ మీద పడి, ఆకుపచ్చగా మారి, నారు మీదికి జారింది.

అయినా దోమ లేవలేదు.

దోమ ఎందుకు లేవాలి… దానికి ఆకు అడుగున సుఖంగానే ఉంది.

అప్పుడు జానీబీకి వింటి నారి మోత వినపడింది. నిజంగానే వినపడింది, చెవిలో. నాన్న నారి లాగి వదిలితే కదా దూది లేచేది.

ఆమె లేచింది. పైట కొంగు విప్పి, రెండు చేతులా పట్టుకుని, నారు తలల మీదుగా… ఇటునుంచి అటు… ఒక్క విసురు విసిరింది. నారు తలలు వంచి లేచింది. ఆకుల అడుగునుంచి తెల్లటి నలుసులు లేచాయి. పది, ఇరవై, వంద… వెలుగులో తేలుతూ…

ఈగలు లేచాయి.

అన్నీ. ఒక్కసారిగా. ఈ అంచునుంచీ ఆ అంచునుంచీ బాణాల్లా. గాల్లో దోమా ఈగా ఢీకొన్న చోట చిన్న కుదుపు… అంతలోనే తిరిగొచ్చి కూర్చున్నాయి, ఒక్కోదాని కాళ్లలో ఒక్కో తెల్లటి రెక్క కొట్టుకుంటూ. జానీబీ ఇంకోసారి విసిరింది. ఇంకోసారి లేచాయి. ఆమె ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది, కొంగు విసురుతూ, కొంగు విసురుతూ… ముంగురులు చెదిరి, కళ్లద్దాలు ముక్కు మీదికి జారి. నెట్‌ అంతా లేస్తోంది, వాలుతోంది, లేస్తోంది.

"ఆంటీ, ఆగండి… కదలకండి," అంది హేమశ్రీ. "వచ్చింది. నా ఫోన్లోకి వచ్చింది."

ఫోను తెర మీద ఈగ అరచెయ్యంత ఉంది. ఎర్రటి కళ్లు. ఒంటి మీద మువ్వల వరసలా చుక్కలు. మెడ వంచి దోమని పొడుస్తోంది.

హేమశ్రీ దాని పేరు చెప్పింది. కొయెనోసియా. ఈగల్లో అదొక జాతి, చూడ్డానికి ఇంటి ఈగలాగే ఉంటుంది, పాఠంలో ఒక్క వరస ఉంది, కళ్లతో చూస్తాననుకోలేదంది. అనేసి, పక్కన పెద్దావిడ ఉన్న సంగతి మరిచిపోయి, జానీబీని గట్టిగా వాటేసుకుంది. ఇద్దరూ పొట్టు నేల మీద కూలబడ్డారు. నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో బయటివాళ్లకి తెలియదు.

సురేంద్ర లోపలికి వచ్చాడు. పక్కనే ట్రే అంచు మీద అసలు ఈగ కూర్చుని ఉంది. అతను దాన్ని చూడలేదు. ఫోనులో చూశాడు. మళ్లీ వెయ్యమన్నాడు. మళ్లీ చూశాడు. మూడోసారి కూడా చూశాక, గేటు వైపు… పోయినేడాది మొక్కలు కుమ్మరించిన చోటు వైపు… చూస్తూ నిలబడ్డాడు.

భయమూ, ఆశా ఒకే మనిషి మొహంలో ఎలా ఉంటాయో ఆ పొద్దున జానీబీ స్పష్టంగా చూసింది.

పెద్ద నెట్‌కి కొట్టేస్తానన్నాడు చివరికి. చిన్న నెట్‌ వదిలేస్తాను. కానీ ఆ నారు ఇంకొకరికి ఇవ్వను. నా చేలోనే వేసుకుంటా. తేడా వస్తే నాకే రావాలి.

హేమశ్రీ రెండు నెట్లలోనూ పసుపు జిగురు అట్టలు కట్టి, అంటుకున్న దోమల్ని వారం వారం చూసింది. పెద్ద నెట్‌లో మందు కొట్టాక అయిదు రోజులు అట్టలు శుభ్రంగా ఉన్నాయి, వారం తిరిగేసరికి మళ్లీ తెల్లబడ్డాయి. చిన్న నెట్‌ అట్టల మీద దోమ ఉంది, కాకపోతే తక్కువ ఉంది. ఆ అట్టలకి చుక్కల ఈగలు కూడా అంటుకునేవి. జానీబీ వాటిని వేపపుల్లతో విడదీయబోయేది. ఒకటీ అరా బతికేవి. ఫోటోలు చూసిన కాలేజీ సారు జాతి సరిగానే గుర్తుపట్టావన్నాడట. అందులో ఏ రకమో ఫోటోని బట్టి చెప్పలేం, ఒక్క సీజను చూసి ఈగల వల్లే తగ్గిందనీ చెప్పలేం, వచ్చే ఏడూ చూడాలి అన్నాడట.

చూద్దాం, అంది జానీబీ. నాకు కళ్లున్నాయి.

కొండమ్మ ట్రేలన్నీ జానీబీ పక్కకి జరిగాయి. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కొండమ్మ నింపుతుంది. జానీబీ వేలు పోనిచ్చి సరిచూస్తుంది. కానీ ఒకరోజు కొండమ్మ తనంతట తానే లేచి సురేంద్ర దగ్గరికి వెళ్లింది. బాబూ, నాకు చూపు ఆనడం లేదు, అని చెప్పేసింది. చెప్పి వచ్చి కూర్చుంది. మళ్లీ పొట్టులో చేతులు పెట్టింది. అతను పైపు ఇవ్వలేదు. పొట్టు నింపడానికి కళ్లెందుకు, చేతులు చాలవా అన్నాడట.

నారు నాటడం అయ్యాక వచ్చే బుధవారం ఒంగోలు వెళ్దామనుకున్నారు. కొండమ్మ సరేనంది. మళ్లీ భయమేస్తోందంది. మళ్లీ సరేనంది.

భాద్రపదం. రాత్రి వాన పడి తెల్లారి తెరిపిచ్చింది. సురేంద్ర చేలో నల్లరేగడి ముద్దలు ముద్దలుగా ఆవిరి వదులుతోంది. చిన్న నెట్‌ నారు ట్రాక్టరు దిగింది. ఆడవాళ్లు వరసగా వంగారు. ట్రేలోంచి మొక్క పెకిలించడం, వేరు చుట్టూ ఉన్న పొట్టు చెదరకుండా గుంటలో పెట్టడం, మట్టి నొక్కడం. ఒక అడుగు. ఇంకో మొక్క.

నెట్‌ లేదు. తల మీద ఎంత ఆకాశమో. పక్కన పత్తి చేను పూత మీద ఉంది. అటునుంచి గాలి వస్తోంది… ఆ గాలిలో ఏమేం వస్తోందో చెప్పలేం.

జానీబీ చేతిలో ఒక మొక్క ఆగింది.

వేరు చుట్టిన పొట్టులో, పక్కగా, జీలకర్ర గింజంత గోధుమ రంగు గూడు. మూత కదులుతోంది.

ఆమె ఆ మొక్కని మెల్లగా గుంటలో దించింది. మట్టి నొక్కలేదు. వరసలో ఆడవాళ్లు ముందుకి సాగిపోయారు. ఆమె అక్కడే కూర్చుండిపోయింది. పక్క సాలులో కొండమ్మ వేలితో గుంట తడుముతూ వస్తోంది. వచ్చి ఆగింది. వదిన ఊపిరి మారడం విన్నట్టుంది.

మట్టిలో కూర్చుంది. బురద చేతులు ఒళ్లో పెట్టుకుంది. కళ్లు అటుగా తిప్పింది… ఈగ ఉన్న వైపు కాదు, జానీబీ ఊపిరి వినపడే వైపు.

"చెప్పు వదినా. ఇప్పుడేం చేస్తోంది?"

ఇన్ని నెలల్లో ఆ మాట ఆమెని ఎవరూ అడగలేదు.

జానీబీ మొక్క మీదికి వంగి కళ్లద్దాలు సర్దుకుంది.

"బయటికొచ్చేసింది. పాలిపోయి ఉంది. తడిగా ఉంది… ఆకు ఎక్కుతోంది. జారింది. మళ్లీ ఎక్కుతోంది. రెక్కలు విచ్చుకుంటున్నాయి… ఇప్పుడిప్పుడే. ఉండు. చుక్కలు పడుతున్నాయి, వదినా… ఒక జత… ఇంకో జత…"

"ఊఁ," అంది కొండమ్మ.

"తలెత్తింది. పత్తి చేనుకేసి చూస్తోంది."

గాలి వీచింది. మొక్క ఊగింది. చేను మీద ఎక్కడో ఏదో తెల్లగా లేచింది.

"ఊఁ… తర్వాత?"